తరుగు

మా షెడ్డులో త్రాసుకు మాత్రమే అద్దాల గది ఉంది.
ఊపిరి తగిలినా అంకె చలిస్తుందని
మైరే దాని ముందు శ్వాస బిగబట్టి కూర్చుంటుంది,
యాభై ఎనిమిదేళ్ల మనిషి
నూతిలోకి తొంగిచూసే పిల్లలా.
మిగిలిన ఉక్కుతో ఆమెకు పనిలేదు.
పోయినదాన్ని తూస్తుంది.
పెన్సిలుతో, మిల్లీగ్రాముల్లో రాస్తుంది.
ఆ పద్దుకు తనే పెట్టిన పేరు: ఇసుక తిన్నది.

ఎస్టోనియా దక్షిణాన, వోరు చుట్టుపక్కల నేలలో
మంచు కరిగిన ప్రతి ఏప్రిల్లో రాళ్లు మొలుస్తాయి.
ఎవరూ విత్తరు. ఏరేసిన చోటే మళ్లీ మొలుస్తాయి.
గట్ల మీది రాళ్లగుట్టల కింద
ఎందరి నడుములున్నాయో.
ఐనార్ తన ట్రాక్టరు నాగలి కర్రులు తెచ్చి
బల్ల మీద ధడేల్మని పడేశాడు,
నమిలి ఊసిన చెంచాల్లా ఉన్నాయి.
"దున్నడం కాదు తల్లీ,
పొలానికి ఇనుము మేపుతున్నాను."

మైరే నవ్వలేదు. కొత్త కర్రు ఒకటి నాకిచ్చి
గరుకు గుండ చిమ్మమంది.
నున్నటి ముఖం మీద ఏదీ నిలవదు,
మెరుపంతా చావాలి ముందు.
ఆ తర్వాత మంట, మంటలోంచి నికెల్ పొడి:
కొంత క్రోమియం, చిటికెడు బోరాన్, సిలికాన్,
కూరలో ఉప్పు చూసినట్టే ఆమె కొలత.
తేమ తగిలిన పంచదారలా అంటుకుంది.
"ఇంకా పూత కాలేదు, ఇది దుమ్మే," అని
టార్చి దగ్గరికి జరిపింది.
వెయ్యి డిగ్రీలు దాటాక, నల్లద్దాల వెనక నుంచి చూశాను,
ఉక్కుకు చెమట పట్టింది.
ఒక్క మెరుపు, తడిసిన రాతి మెరుపు.
"చాలు! ఇంకో క్షణమైతే కారిపోతుంది."
ఆ ఇంకో క్షణం ఎంతో
మూడేళ్లకీ నా చేతికి అందలేదు.

పూత నిలవాలి, లేకపోతే కాత లేదు.
అది తేల్చేది రబ్బరు చక్రం:
రెండు వేల చుట్లు, మధ్యలో జారే ఇసుక,
పళ్లు కొరికే చప్పుడు.
ఒట్టి ఉక్కు పోగొట్టుకున్నది ఎనిమిది వందలు.
పూతేసిన ముక్క, నూట పది.
మైక్రోస్కోపులో చూపించింది నాకు.
ఒట్టి ఉక్కు మీద బారులు బారులుగా చాళ్లు!
నాగలిని ఇసుక దున్నేసింది.
పూతలోనో, గట్టి గింజలు అక్కడక్కడా తలెత్తి ఉన్నాయి,
వాటి దాకా వచ్చిన చాలు
పక్కకు ఒరిగి, చుట్టు తిరిగి పోయింది,
అచ్చం ఐనార్ ట్రాక్టరు
పొలంలో పెద్ద రాయిని తప్పుకున్నట్టు.

ఒకే నాగలికి పక్కపక్కనే రెండూ బిగించి పంపాం.
అక్టోబరులో తిరిగొచ్చాయి.
పూత లేనిది నాలుగు వేళ్లు కురచ.
పూత ఉన్నదాని అంచు వేసవిలో ఉన్నట్టే ఉంది,
కాని కొస లేదు.
అరగలేదు. విరిగింది.
విరిగిన చోట గాజు పగిలినంత శుభ్రంగా ఉంది.
మైరే దాన్ని అటూ ఇటూ తిప్పింది చాలాసేపు.
పద్దు తెరిచి, మూసింది.
ఇది ఇసుక తిన్నది కాదు.

చలికాలం గడిచింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఏప్రిల్ రెండో వారం, బురద బూట్లతో ఐనార్ వచ్చాడు,
చంకలో పసిపిల్లలా ఒక గులాబి రంగు రాయి.
"మీ కొసను కొరికింది ఇదే, మొలిచింది మొన్న."
రాతి నుదుట జానెడు పొడవున
వెండి గీత.
మైరే బొటనవేలితో రుద్దింది. పోలేదు.
తడి గుడ్డతో రుద్దింది. పోలేదు.
గీటురాయి మీద తన బంగారాన్ని తనే చూసుకునే
కంసాలిలా వంగి, కళ్లజోడు పైకి నెట్టి,
"బోరాన్ ఎక్కువేశాను," అంది నెమ్మదిగా,
"గట్టిదనం మీద ఆశతో."

రాయి త్రాసులో పట్టదు.
తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాం.
ఐనార్ టీ తాగి వెళ్లాడు.
మైరే పద్దులో నిలువునా ఒక గీత గీసి
కొత్త గడి కట్టింది,
దానికేం పేరు పెట్టాలో తోచలేదు కాబోలు,
పెన్సిలు చెవి మీద పెట్టుకుని
తర్వాతి కర్రు అందుకుంది.